డైపర్ రాష్: మన్యం చలిలో ఆరని గుడ్డలు.. ఒరుసుకుపోతున్న పసిపిల్లల చర్మం.. ఇంట్లో ఏం చేయాలి? ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

అరకు లోయలో వలిసె పూలు విరగబూసే రోజులంటే టూరిస్టులకు పండగే. కానీ అదే సమయంలో కొండ మీద గూడేల్లో నెలల పిల్లలున్న తల్లులకు వేరే తలనొప్పి మొదలవుతుంది. ఉదయం పొద్దెక్కినా మంచు విడవదు. ఉతికి దండెం మీద వేసిన పొత్తిగుడ్డలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటాయి. వేరే గుడ్డ లేక అదే చెమ్మ గుడ్డను మళ్లీ బిడ్డకు చుడతారు. రెండు రోజులు గడిచేసరికి పిరుదులు, తొడల దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. నీళ్లు తగిలితే చాలు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది.

దీన్నే డాక్టర్లు డైపర్ రాష్ అంటారు. పేరులో డైపర్ ఉంది కదా అని డైపర్ వాడే వాళ్లకే వస్తుందనుకుంటే పొరపాటు. గుడ్డలు కట్టే పిల్లలకూ వస్తుంది. చాలావరకు ఇది ప్రమాదకరం కాదు. మూడు రోజులు సరిగ్గా చూసుకుంటే ఇంట్లోనే తగ్గిపోతుంది. అయితే కొన్నిసార్లు డైపర్ రాష్‌లా కనిపించేది నిజానికి ఫంగస్ కావచ్చు, గజ్జి కావచ్చు, చీము పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు. రోడ్డు సరిగ్గా లేని ఊరి నుంచి ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. కొన్ని గూడేల నుంచి అయితే ఇప్పటికీ డోలీ కట్టాల్సిందే. అందుకే ఏది ఇంట్లో తగ్గుతుంది, దేనికి పరుగెత్తాలి అన్నది ముందే తెలిసి ఉండాలి.

అసలు ఎందుకు వస్తుంది?

"బిడ్డకు వేడి చేసింది" అనేది మన ఇళ్లలో మొదట వినిపించే మాట. తల్లి పనసకాయ తిందనో, గుడ్డు తిందనో, అందుకే బిడ్డకు ఇలా అయిందనో అంటారు. బాలింతకు పథ్యం ఇంకా కఠినం చేస్తారు. ఇందులో నిజం లేదు. తల్లి తిండికీ ఈ ఒరుపుకీ సంబంధం లేదు. పైగా పాలిచ్చే తల్లి తిండి తగ్గిస్తే ముందు నీరసించేది ఆమే.

అసలు కారణం తడి. తడిలో ఎక్కువసేపు ఉన్న వేళ్లు నాని ముడతలు పడటం అందరూ చూసిందే. బిడ్డ పిరుదుల మీద చర్మం కూడా అలాగే నానుతుంది. నానిన చర్మం మెత్తబడుతుంది, గుడ్డ రాపిడికి ఇట్టే లేచిపోతుంది. దానికి మలం తోడైతే ఇంకో సమస్య. మలంలోని బ్యాక్టీరియా మూత్రంలో ఉండే యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. దాంతో చర్మం మీద ఉండాల్సిన సన్నని ఆమ్ల గుణం పోయి క్షార గుణం వస్తుంది. అలా అయినప్పుడు మలంలోని జీర్ణ ఎంజైములు చురుగ్గా పనిచేయడం మొదలుపెడతాయి. పాలను, కొవ్వును అరిగించాల్సిన ఎంజైములు బిడ్డ చర్మం పై పొరను తినేస్తాయన్నమాట.

గుడ్డ విప్పగానే ముక్కుకు ఘాటుగా కొట్టే వాసన ఈ అమ్మోనియాదే. ఒకప్పుడు తప్పంతా దీనిదే అనుకునేవారు. ఇప్పుడు తెలిసింది ఏంటంటే.. అమ్మోనియా ఒక్కటే కాదు, తడి, రాపిడి, మలం అన్నీ కలిస్తేనే చర్మం పోతుంది. ఒట్టి మూత్రం కన్నా మూత్రం, మలం కలిసిన గుడ్డ ఎన్నో రెట్లు చెడ్డది. అందుకే విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఒక్క రోజులోనే ఎర్రగా పొక్కిపోతుంది.

తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలంలో ఈ క్షార గుణం తక్కువ. వాళ్లలో ఈ సమస్య కూడా తక్కువే. పై తిండి మొదలుపెట్టాక, ముఖ్యంగా 9 నుంచి 12 నెలల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది.

ఎరుపు కోసం మాత్రమే చూడొద్దు

ఇంటర్నెట్‌లో డైపర్ రాష్ అని వెతికితే తెల్లతోలు పిల్లల ఫొటోలే కనిపిస్తాయి. గులాబీ రంగు చర్మం మీద ఎర్రటి మచ్చలు. మన పిల్లల్లో, అందులోనూ చామనఛాయ, నలుపు రంగు పిల్లల్లో అలా ఉండదు. ఒరిసిన చోట చుట్టుపక్కల కన్నా ఇంకాస్త నల్లగా, లేదా ఊదా రంగులో, ఒక్కోసారి గోధుమ రంగులో కనిపిస్తుంది. చర్మం నూనె రాసినట్టు మెరుస్తుంది. లేదంటే గరుకుగా తగులుతుంది. చేయి పెడితే మిగతా ఒంటికన్నా వెచ్చగా ఉంటుంది. తుడిచేటప్పుడు కాళ్లు ముడుచుకుని ఏడుస్తుంటే రంగుతో పనిలేకుండా అనుమానించాల్సిందే. తగ్గాక కొన్ని వారాల పాటు ఆ చోట తెల్లగానో, నల్లగానో మచ్చ ఉండిపోవచ్చు. దానికి మందు అక్కర్లేదు, అదే పోతుంది.

మామూలు డైపర్ రాష్‌కు ఒక గుర్తు ఉంది. గుడ్డ ఆనుకునే ఎత్తు భాగాల మీదే వస్తుంది. పిరుదులు, తొడల పైభాగం, పొత్తికడుపు కింద భాగం. గజ్జల్లోని మడతలకు గుడ్డ తగలదు కాబట్టి ఆ మడతలు బాగానే ఉంటాయి. ఈ ఒక్క గుర్తు గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మడతల లోపల కూడా ఉందంటే సంగతి వేరు. దాని గురించి కింద చూద్దాం.

ఇంకో చోటు కూడా చూడాలి. మొలతాడు. నల్లతాడు కట్టని పసిబిడ్డ మన దగ్గర దాదాపు ఉండదు. ఆ తాడు రోజంతా మూత్రంలో తడుస్తుంది, ఆరదు. దాని మీదే డైపర్ ఎలాస్టిక్ బిగుసుకుంటుంది. నడుము చుట్టూ గీత గీసినట్టు ఒరుపు వస్తే కారణం అదే. తాడు తీసేయమని ఎవరూ చెప్పరు, చెప్పినా పెద్దవాళ్లు ఒప్పుకోరు. వదులు చేసి, స్నానం చేయించినప్పుడు సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో అద్దితే చాలు. రాష్ ఉన్నన్ని రోజులు తీసి పక్కన పెడితే ఇంకా మంచిది.

గుడ్డలు ఆరకపోతే ఏం చేయాలి?

అరకు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. చింతపల్లి మండలం లంబసింగి, పాడేరు దగ్గర మినుములూరు లాంటి చోట్ల డిసెంబర్, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోవడం ఏటా వార్తే. జూన్ నుంచి అక్టోబర్ వరకు ముసురు. అంటే ఏడాదిలో సగానికి పైగా రోజులు గుడ్డలు ఆరబెట్టడం ఇక్కడ నిజంగానే సమస్య. "ఎండలో ఆరబెట్టండి" అని మైదానంలో చెప్పినంత తేలిక కాదు.

చేయగలిగిన పనులు ఉన్నాయి. మొదటిది గుడ్డల సంఖ్య పెంచుకోవడం. పాత నూలు చీర ఒకటి చింపితే బోలెడన్ని గుడ్డలు వస్తాయి. పాత పంచె, లుంగీ కూడా పనికొస్తాయి. రోజుకు పది పన్నెండు గుడ్డలు మార్చాల్సి వస్తుంది కాబట్టి రెండు రోజులకు సరిపడా ఉండాలి. పాలిస్టర్ కలిసిన చీరలు వద్దు. అవి త్వరగా ఆరతాయి కానీ తడి పీల్చవు, బిడ్డ చర్మం మీదే వదిలేస్తాయి. మందపాటి ఒకే గుడ్డ కన్నా పలచని గుడ్డలు రెండు మడతలు వేయడం మేలు. విడదీసి ఆరేస్తే సగం సమయంలో ఆరతాయి.

ఉతికేటప్పుడు పిండడం మీద శ్రద్ధ పెట్టాలి. ఇద్దరు చెరో కొస పట్టుకుని మెలిపెట్టి పిండితే ఆరే సమయం బాగా తగ్గుతుంది. సబ్బు మిగిలిపోకుండా రెండు మూడు నీళ్లు జాడించాలి. చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఒక్క జాడింపుతో సరిపెట్టేయడం సహజం. కానీ గుడ్డలో మిగిలిన బట్టల సబ్బు క్షారమే. అది తడిసిందంటే మళ్లీ చర్మానికే ఎసరు. ఆఖరి జాడింపుకు కాస్త వేడినీళ్లు కలుపుకుంటే చేతులకూ సుఖం, సబ్బూ పోతుంది.

ఎండ లేని రోజుల్లో చాలా ఇళ్లలో గుడ్డలు పొయ్యి పైన దండెం మీద వేస్తారు. ఆరతాయి, కాదనలేం. కాకపోతే మసి, పొగ పట్టేలా పొయ్యికి నేరుగా పైన వేయకుండా పక్కగా, వెచ్చని గాలి తగిలేలా వేయాలి. నిప్పురవ్వ పడితే గుడ్డ అంటుకుంటుంది కాబట్టి ఎత్తులో కట్టాలి. కరెంటు ఉంటే ఇస్త్రీ పెట్టె మంచి ఉపాయం. మిగిలిన చెమ్మ పోతుంది, వేడికి క్రిములూ చాలావరకు పోతాయి. గుడ్డ పొడిగా ఉందో లేదో చేత్తో కాదు, చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టే.

ఒక్కమాట. మలం అంటిన గుడ్డల్ని గెడ్డలో, ఊట దగ్గర జాడించొద్దు. పసిపిల్లల మలం అపాయం లేనిదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. దాని నుంచి విరేచనాలు వ్యాపిస్తాయి. మలాన్ని మరుగుదొడ్డిలో వేసి, లేదంటే మట్టిలో పూడ్చి, ఆ తర్వాత ఇంటి దగ్గరే నీళ్లతో ఉతకాలి.

డైపర్ వేస్తే సరిపోతుందా?

ఇప్పుడు సంతల్లో, గూడెంలోని చిన్న దుకాణాల్లో కూడా డైపర్లు విడిగా ఒక్కోటి చొప్పున దొరుకుతున్నాయి. కాఫీ పళ్లు కోసే సీజన్‌లో బిడ్డను వీపుకు కట్టుకుని తోటకు వెళ్లే తల్లికి డైపర్ పెద్ద సాయమే. లోపల జెల్ ఉండే రకం తడిని లాగేసుకుంటుంది. ఆ లెక్కన చెమ్మగా ఉన్న గుడ్డ కన్నా డైపరే నయం. ఇందులో మొహమాట పడాల్సిందేమీ లేదు.

సమస్యల్లా ఖర్చుతో వస్తుంది. ఒక్కోటి కొనాలి కాబట్టి ఉదయం వేసింది సాయంత్రం దాకా ఉంచేస్తారు. "ఇంకా బరువెక్కలేదు కదా" అనుకుంటారు. మూత్రం మాత్రమే అయితే మూడు గంటల వరకు ఫర్వాలేదు. మలం అయితే ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. వీపున కట్టిన బిడ్డ మలవిసర్జన చేసినా తెలియదు కాబట్టి పనిలో ఉన్నా గంట గంటన్నరకు ఒకసారి చూసుకోవాలి. డబ్బు ఆదా చేయాలంటే ఇంట్లో ఉన్నప్పుడు పొడిగుడ్డ, తోటకో సంతకో వెళ్లినప్పుడు, రాత్రిపూట డైపర్. ఇలా కలిపి వాడుకోవడమే తెలివైన పని.

అన్నిటికన్నా చెడ్డది మాత్రం గుడ్డ కట్టి పైన ప్లాస్టిక్ జాంగియా తొడగడం. తల్లి చీర తడవదు కానీ లోపల గాలి ఆడక ఆవిరి పట్టినట్టు ఉంటుంది. రాష్ ఉన్న బిడ్డకు అస్సలు వేయొద్దు.

మొదటి మూడు రోజులు ఇంట్లోనే ఇలా..

రాష్ కనిపించగానే మొదటి పని గుడ్డ మార్చే వేళలు దగ్గర చేయడం. పగలు రెండు గంటలకోసారి, రాత్రి కనీసం ఒకసారి లేచి చూడాలి. మార్చిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తని నూలు గుడ్డతో కడగాలి. సబ్బు రోజుకు ఒకసారి స్నానంలో చాలు. వెట్ వైప్స్ వాడితే సువాసన, ఆల్కహాల్ లేనివే వాడాలి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి తుడవాలి. రుద్దకూడదు, అద్దాలి. రుద్దడం అలవాటుగా వచ్చేస్తుంది, కానీ ఒరిసిన చర్మం మీద రుద్దితే కొత్తగా వచ్చిన పొర కూడా లేచిపోతుంది.

తర్వాత గాలి. రోజులో మూడు నాలుగుసార్లు పది పదిహేను నిమిషాలు గుడ్డ లేకుండా వదిలేస్తే చర్మం త్వరగా మానుతుంది. మన్యం చలిలో ఇది ఎలా? మంచు విడిచాక, మధ్యాహ్నం ఎండ ఉన్న వేళ చూసుకోవాలి. తలకు టోపీ, కాళ్లకు సాక్సులు, పైన చొక్కా ఉంచి నడుము కింద మాత్రమే వదలాలి. గాలి విసురుగా ఉంటే ఇంట్లోనే తల్లి ఒడిలో పడుకోబెట్టి చేయొచ్చు. చలిమంట పక్కన, కుంపటి దగ్గర మాత్రం వద్దు. కాలే ప్రమాదం ఉంటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే విషవాయువు చేరి ప్రాణం మీదకే వస్తుంది. నెల లోపు బిడ్డ అయితే ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది. అలాంటి బిడ్డను విడిగా పడుకోబెట్టకుండా, తల్లి ఛాతీకి ఆనించి పైన దుప్పటి కప్పుకుని, కింద వదులుగా పొడిగుడ్డ మాత్రం వేస్తే సరి.

మూడోది క్రీమ్. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీమ్ లేదా ఆయింట్‌మెంట్ దీనికి అసలైన మందు. అది చర్మంలోకి ఇంకి పనిచేసేది కాదు. చర్మానికీ మలానికీ మధ్య గోడలా నిలబడుతుంది. అందుకే పలచగా పూస్తే లాభం లేదు. గోడకు సున్నం వేసినట్టు కింద చర్మం కనిపించకుండా దట్టంగా పట్టించాలి. మార్చిన ప్రతిసారీ పాత క్రీమ్‌ను గీకి తీయక్కర్లేదు. పైన అంటిన మలాన్ని తుడిచి, ఉన్న పూత మీదే ఇంకాస్త వేయాలి. జింక్ క్రీమ్ దొరకకపోతే చలికాలంలో ప్రతి దుకాణంలో ఉండే పెట్రోలియం జెల్లీ కూడా పనిచేస్తుంది. చిన్న డబ్బా వారం వస్తుంది. స్వచ్ఛమైన కొబ్బరినూనె కొద్దిపాటి ఒరుపుకు ఫర్వాలేదు కానీ చర్మం లేచిపోయిన చోట చాలదు. ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఒంటికి రాసే ఆవనూనె మాత్రం ఒరిసిన చోట మంట పెడుతుంది, వద్దు.

ఇలా చేస్తే రెండో రోజుకే బిడ్డ ఏడుపు తగ్గుతుంది. మూడో రోజుకు రంగు మారడం కనిపిస్తుంది.

పౌడర్, పసుపు, ఆ మూడు మందుల ట్యూబ్

రాష్ రాగానే చేసే మూడు పనులు నిజానికి మేలు కన్నా కీడు చేస్తాయి.

పౌడర్ తడిసి మడతల్లో ముద్దలు కడుతుంది. ఆ ముద్దలే ఇసుకలా ఒరుస్తాయి. చల్లేటప్పుడు లేచే దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోరిక్ ఆమ్లం కలిసిన పౌడర్లు అయితే ఒరిసిన చర్మం ద్వారా రక్తంలోకి చేరి విషమవుతాయి.

పాడేరు పసుపుకు ఎంత పేరున్నా బిడ్డ పుండు మీద దాని అవసరం లేదు. మంట పుడుతుంది. పైగా చర్మమంతా పచ్చగా మారితే రాష్ పెరిగిందో తగ్గిందో, చీము పట్టిందో ఏఎన్ఎం వచ్చి చూసినా తెలియదు.

అన్నిటికన్నా ప్రమాదం మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబ్. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, గాఢమైన స్టెరాయిడ్.. మూడూ కలిపిన క్రీమ్ ఇది. పెద్దవాళ్ల తామరకు వాడి మిగిలినది ఇంట్లో ఉంటే అదే బిడ్డకూ రాసేస్తారు. ఒక్క రోజులో ఎరుపు పోతుంది, మ్యాజిక్‌లా అనిపిస్తుంది. ఆపగానే రెట్టింపై వస్తుంది. మళ్లీ రాస్తారు. బిడ్డ చర్మం పలచన. పైన డైపర్ మూత వేసినట్టు ఉంటుంది కాబట్టి స్టెరాయిడ్ ఇంకా ఎక్కువగా ఒంట్లోకి చేరుతుంది. చర్మం కాగితంలా పలచబడటం, గడ్డలు కట్టడం, ఎక్కువ కాలం వాడితే ఎదుగుదల దెబ్బతినడం వరకు వెళ్లొచ్చు. చర్మంపై రాసే స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకుండా కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. కౌంటర్ దగ్గర ఆ రూల్ ఎంతవరకు పాటిస్తున్నారన్నది అందరికీ తెలిసిందే. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని కనిపిస్తే బిడ్డకు రాయొద్దు. అవసరమైతే డాక్టరే తక్కువ గాఢత ఉన్నది కొద్ది రోజులకు రాసిస్తారు.

ఇది మామూలు రాష్ కాదని ఎలా తెలుస్తుంది?

మూడు రోజులు ఇంత చేసినా తగ్గలేదంటే మొదట అనుమానించాల్సింది ఫంగస్. పేరు క్యాండిడా. వెచ్చగా, తడిగా ఉండే చోటే దాని ఇల్లు. గజ్జల మడతల లోపల కూడా ముదురు రంగులో పచ్చి పుండులా ఉంటుంది. అంచు గీసినట్టు స్పష్టంగా ఉండి, దాని చుట్టూ చిన్న చిన్న పొక్కులు చల్లినట్టు కనిపిస్తాయి. జ్వరానికో దగ్గుకో యాంటీబయాటిక్ సిరప్ వాడిన తర్వాత వచ్చిందంటే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు బిడ్డ నోరు తెరిచి చూడాలి. నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లని పూత ఉంటే నోట్లోనూ ఫంగస్ ఉన్నట్టు. పాలిచ్చేటప్పుడు తల్లి చనుమొనలు మంటగా ఉంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పాలి. ఇద్దరికీ కలిపి మందు వాడకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. క్లోట్రిమజోల్ లాంటి క్రీమ్‌తో సాధారణంగా తగ్గిపోతుంది. అన్ని రోజులూ వాడాలి, ఎరుపు పోయిందని మధ్యలో ఆపకూడదు. గుడ్డల్ని ఉడకబెట్టి ఆరేయాలి.

రెండోది గజ్జి. చలికి అందరూ ఒకే దుప్పటి కింద పడుకునే ఇళ్లలో ఇది త్వరగా పాకుతుంది. బిడ్డ అరచేతులు, అరికాళ్లు, చంకల్లో కూడా పొక్కులు ఉన్నాయా? రాత్రిపూట దురద ఎక్కువై నిద్రపోవట్లేదా? ఇంట్లో ఇంకెవరైనా వేళ్ల మధ్య గోక్కుంటున్నారా? మూడింట్లో రెండు అవునంటే జింక్ క్రీమ్ ఎంత పూసినా లాభం లేదు. ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు రాసుకోవాలి, పక్క బట్టలన్నీ వేడినీళ్లలో ఉతకాలి. పసిబిడ్డకు ఏ మందు, ఎంత అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

మూడోది అరుదు, కానీ వదిలేస్తే ప్రమాదం. మలద్వారం చుట్టూనే కాకుండా నోటి చుట్టూ, చేతుల మీద కూడా పొలుసులు కట్టిన పుండ్లు, దానికి తోడు ఆగని విరేచనాలు, జుట్టు రాలడం కనిపిస్తే ఒంట్లో జింక్ బాగా తగ్గిపోయినట్టు. కాళ్లలో నీరు చేరి, చర్మం పాత పెయింటులా పెచ్చులు లేస్తుంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఇలాంటి బిడ్డకు పూత మందులు సరిపోవు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

విరేచనాల వల్ల వచ్చిన రాష్‌కు మాత్రం విరేచనాలు ఆపడమే సగం వైద్యం. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఉచితంగా దొరుకుతాయి. 2 నుంచి 6 నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 6 నెలలు దాటితే 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజే ఆగినా మాత్రలు ఆపకూడదు. తల్లిపాలు అసలే ఆపకూడదు. రెండు నెలల లోపు బిడ్డకు విరేచనాలైతే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

ఎప్పుడు పరుగెత్తాలి? ఎవరి దగ్గరకు?

జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం తగ్గినా, మత్తుగా పడి ఉన్నా రాష్ సంగతి పక్కన పెట్టి 108కు ఫోన్ చేయాలి. చీము పొక్కులు, రక్తం, పెద్ద గడ్డ, కాలినట్టు బొబ్బలెక్కి చర్మం ఊడిపోవడం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు చూపించాలి. రాష్ పొట్ట మీదకు, వీపు మీదకు పాకుతున్నా ఆగొద్దు. నెలన్నర లోపు బిడ్డకు అయితే చిన్న పొక్కు కూడా ఏఎన్ఎంకు చూపించడం మంచిది. ఆ వయసులో చర్మం మీది ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరడానికి ఎక్కువ సమయం పట్టదు.

ఇందుకు ప్రతిసారీ అరకు దాకా రావాల్సిన పని లేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు మరో ఐదుసార్లు. ఆమె వచ్చినప్పుడు బరువు, టీకాల కార్డు చూపించి పంపేస్తుంటారు చాలామంది. గుడ్డ విప్పి చూపించండి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఈ-సంజీవని ద్వారా డాక్టర్‌తో వీడియోలో మాట్లాడే ఏర్పాటు ఉంది. సిగ్నల్ అందే చోట చర్మ సమస్యలకు ఇది బాగా పనికొస్తుంది. వెళ్లే ముందు పూసిన క్రీమ్, పసుపు కడిగేసి, వెలుతురులో చూపించాలి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, సిరప్ సీసాలు కూడా వెంట తీసుకెళ్లాలి.

అక్కడ తగ్గకపోతే పీహెచ్‌సీ, తర్వాత అరకు ప్రాంతీయ ఆసుపత్రి లేదా జిల్లా కేంద్రమైన పాడేరులోని ప్రభుత్వ ఆసుపత్రి. ఇంకా అవసరమైతే అక్కడి డాక్టర్లే విశాఖ కేజీహెచ్‌కు రాసి పంపిస్తారు. ఘాట్ రోడ్డు ప్రయాణం గంటల తరబడి ఉంటుంది కాబట్టి దారికి సరిపడా పొడిగుడ్డలు ఆరేడు, ప్లాస్క్‌లో గోరువెచ్చని నీళ్లు, క్రీమ్ డబ్బా, మురికి గుడ్డలు వేసుకోవడానికి వేరే సంచి సర్దుకోవాలి. బిడ్డకు దారి పొడవునా పాలిస్తూనే ఉండాలి.